పన్నెండో ఆకు కూలి

మదనపల్లె,
4-2-1996

కుప్పం పట్టణ వంటింటి సార్వభౌమురాలూ, నాకున్న ఒకే ఒక్క అక్కా అయిన మునిలక్ష్మికి, ఆర్థికశాస్త్ర పరిశోధకుడు ధనుంజయ నడుము పట్టేసేంతగా వంగి నమస్కరించి రాస్తున్నది.

నవ్వొద్దు. నిజంగానే పరిశోధకుణ్ణి. ఎం.ఏ. ఆఖరి సంవత్సరంలో ప్రతివాడూ ఏదో ఒక సర్వే చేసి, పుస్తకంగా కుట్టించి ఇవ్వాలి. తోటివాళ్ళు వేరుశెనగ మీదా పట్టుగూళ్ళ మీదా పడ్డారు. నేను అన్నం మీద పడ్డాను. "మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలలో వంటమాస్టర్ల ఆదాయం: ఒక తులనాత్మక పరిశీలన." ఈ పేరు వినగానే మా సారు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. గౌరవంతోనే అయ్యుంటుంది.

నీరుగట్టువారిపల్లెలో మగ్గాల చప్పుడు మధ్య ఒక గది తీసుకున్నాను. పద్ధతి చాలా కఠినమైనది. పెళ్ళి జరిగే చోటికి ఫారాలు పట్టుకుని వెళ్ళాలి. కూలి ఎంతని అడగాలి. వాళ్ళు అబద్ధం చెబుతారు, నేను రాసుకుంటాను, తర్వాత భోంచేస్తాను. శాస్త్రం కోసం ఇప్పటికే మూడు కేజీలు పెరిగాను.

ఇంతవరకు తేలింది ఇది. మదనపల్లెలో ముహూర్తాల రోజుల్లో పెద్ద వంటమాస్టరుకు రోజుకు మూడొందలు. హోటల్లో అయితే నెలకు రెండువేల ఐదొందలు. పలమనేరు రోడ్డు మీద హోటళ్ళలో ఇంకాస్త ఎక్కువ. పుంగనూరులో రెండొందల యాభై. కుప్పం సంగతి బావే చెప్పాలి, ఫారం జత చేశాను. పనిచేసే హోటలు మూసేశారని దిగులుగా కూర్చోవద్దని చెప్పు, ఫారం నింపితే పొద్దు పోతుంది.

ఒక్క వింత ఉంది. పుంగనూరులో ఒక ఇంట్లో ఒక్క పూట వంటకు ఐదువేలు ఇస్తారట. అదీ పన్నెండు ఆకులకు, అంటే పన్నెండు మందికి! సున్న ఎక్కువ పడిందనుకుని కొట్టేశాను. ఇంకొకణ్ణి అడిగితే వాడూ అదే చెప్పాడు. చెప్పేముందు గరిటె కింద పెట్టి, చేతులు కడుక్కున్నాడు.

ఇట్లు, తిండికి తప్ప అన్నిటికీ ఆలస్యం చేసే
ధనుంజయ

*

కుప్పం,
13-2-1996

రేయ్ ధనా,

నీ ఉత్తరం మీ బావకు చదివి వినిపించాను. నడుము పట్టేసేంత వంగిన చోట నవ్వాడు. ఇరవై రోజుల తర్వాత అదే మొదటి నవ్వు.

ఫారం నింపి పంపుతున్నాను. కుప్పంలో పెద్ద వంటమాస్టరుకు రోజుకు నూటయాభై, మహా అయితే రెండొందలు. బెంగళూరు పోతే నాలుగొందలు, కానీ గది బాడుగకే సగం పోతుంది. "అర్హతలు" అని ఒక గడి పెట్టావు. తన పేరు కలిపి "గురప్ప, నాలుక" అని రాయమన్నాడు. రాశాను. అది అబద్ధమేమీ కాదు. సాంబారు ఒక్క చుక్క అరచేతిలో వేసుకుని నాలుకకు తాకిస్తే చాలు, ఉప్పే కాదు, బోరు నీళ్ళా బావి నీళ్ళా అనేది కూడా చెబుతాడు. పొలం లేదు, ఇల్లు లేదు. మాకున్న ఆస్తి ఆ నాలుకే.

స్టేషను ఎదురుగా ఒక గది ఖాళీ అయింది. మెస్సు పెట్టుకోవచ్చు. ఐదువేలు అడ్వాన్సు అడుగుతున్నారు. మీ బావ రోజూ ఆ దారినే నడుస్తాడు, ఆ గది వైపు మాత్రం చూడడు.

అందుకే అడుగుతున్నాను. ఆ పుంగనూరు ఇంటి సంగతి నిజమేనా? హాస్యం పక్కనపెట్టి రాయి. అది ఎవరిల్లు? ఎప్పుడు వంట?

మీ అక్క
మునిలక్ష్మి

*

మదనపల్లె,
21-2-1996

అక్కకు,

హాస్యం పక్కన పెట్టమన్నావు. పెట్టాను. ఇప్పుడు నా చేతిలో ఏమీ మిగల్లేదు.

స్వయంగా పుంగనూరు వెళ్ళొచ్చాను. అది ఎర్ర అరుగుల ఇల్లు. యజమాని బాలప్ప, డెబ్బై ఏళ్ళుంటాయి, మనిషి మెత్తన. బెల్లం వ్యాపారం. ఏటా ఒక్క రోజు, ఈసారి మార్చి ఎనిమిదో తేదీ మధ్యాహ్నం, పన్నెండు ఆకుల భోజనం. ఐదువేలూ నిజమే. నా కళ్ళముందే పెట్టె తెరిచి చూపించాడు.

మా సంభాషణ యథాతథంగా రాస్తున్నాను, ఇది పరిశోధనకు పనికొస్తుంది.

"మా బావ చేతి సాంబారు తాగితే..." అని నేను మొదలుపెట్టాను.

"సాంబారు సంగతి వదులప్పా. ఆయప్ప మోకాళ్ళు బాగుండాయా?" అన్నాడు.

"గుండ్రాయిలా ఉండాయి."

"శానాసేపు కూసోగలడా? బాసింపట్టు ఏసుకోని?"

"సినిమా హాల్లో రెండాటలు వరసగా కూర్చున్న మనిషి."

"అయితే సరే," అని నిట్టూర్చాడు. కార్మికుల ఆరోగ్యం గురించి ఇంతగా ఆలోచించే యజమానిని జిల్లా మొత్తంలో చూడలేదని ఫారంలో రాసుకున్నాను.

షరతు ఒక్కటే. పదకొండు ఆకులు చుట్టాలకు, పన్నెండోది వంటమాస్టరుకు. వడ్డించి, వాళ్ళ పంక్తిలోనే కూర్చుని తినాలి. పంక్తి లేచేదాకా లేవకూడదు. అంతే. ఆ చుట్టాలు ఎవరని అడిగితే, "మీ వాళ్ళే, వంటోళ్ళే" అన్నాడు. వంటమాస్టర్లకు విందు పెట్టే మహానుభావుడన్నమాట.

పెత్తనం ఆయన చేతికొచ్చిన పద్నాలుగేళ్ళలో పద్నాలుగు మంది వంటమాస్టర్లు మారారట. ఎవరూ రెండోసారి రాలేదు. కూలి పెంచకపోతే అంతే మరి, ఏ ఎకనామిక్సు పుస్తకంలో చూసినా ఉంటుంది.

ఇంకెవరైనా తన్నుకుపోతారేమోనని బావ తరఫున తాంబూలం నేనే పుచ్చుకున్నాను. ఆకూ వక్కా ఈ కవరులో పెట్టాను. ఆకు కాస్త నలిగింది.

ఇట్లు, మెస్సులో జీవితాంతం ఉచిత భోజనానికి హక్కుదారుడు
ధనుంజయ

*

కుప్పం,
28-2-1996

ధనా,

నీకు చదువు ఎక్కువైంది, బుద్ధి తక్కువైంది. వంటమాస్టరు పేరు మీద ఎవరైనా తాంబూలం తీసుకుంటారా? తాంబూలం పుచ్చుకుంటే పొయ్యి ముట్టించినట్టే. కన్నతండ్రి చచ్చిపోయాడన్నా, వంట ముగించాకే పోవాలి. ఆ మాట తెలియనివాడివి వంటవాళ్ళ మీద పుస్తకం రాస్తున్నావు.

కవరు విప్పి ఆకు చూడగానే మీ బావ ముఖం మారింది. ఆకు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. "వద్దులే, తిప్పి పంపుదాం" అన్నాను. "తిప్పి పంపేది కాదే అది" అన్నాడు. కాసేపటికి తనే తేలికపడ్డాడు. "ఐదువేలు ఊరికే వస్తాండాయా? యేదో ఉంటాది. ఉండనీ. కూసోని అన్నం తినేదానికి భయపడితే ఇంగ బతికేదెట్ల?" అన్నాడు.

వంటమాస్టరు తను వండింది పంక్తిలో కూర్చుని తినడం నేనెక్కడా వినలేదు. పొగకీ వాసనకీ కడుపు నిండిపోయి, అందరూ తిన్నాక ఎప్పుడో సాయంత్రం నాలుగు మెతుకులు తింటారు. ఈ ఇంటివాళ్ళు కూర్చోబెట్టి పెడతామంటున్నారు. మంచివాళ్ళే అయ్యుంటారు.

ఏడో తేదీ పొద్దున బస్సుకు బయల్దేరతాడు. వంట అయ్యాక నీ దగ్గరికి వచ్చి ఒకరోజు ఉండమన్నాను. మంచి బొంత ఉంచు.

మునిలక్ష్మి

*

మదనపల్లె,
5-3-1996

అక్కా,

ఈ ఉత్తరం అందిన వెంటనే బావను ఆపు. మిగతాది తర్వాత చదువు.

చెప్పాను కదా, పద్నాలుగు మంది అని. వాళ్ళందరి కూలీ రాసుకుంటే పట్టిక నిండుగా ఉంటుందని వెతికాను. ఆరుగురు దొరికారు. ఒకాయన చెరుకు మిల్లు కాపలా. ఇంకొకాయన టైలరు దగ్గర కాజాలు కుడుతున్నాడు. ఆరుగురిలో ఒక్కరూ ఇప్పుడు వంట చేయడం లేదు. మదనపల్లెలో రెడ్డెప్ప అని, ఒకప్పుడు పది మంది మనుషులతో వెయ్యి ఆకుల పెళ్ళిళ్ళు చేసినాయన, సైకిల్ స్టాండులో టోకెన్లు ఇస్తున్నాడు. ఇవాళ ఆయన దగ్గర కూర్చున్నాను.

"తొంభైఒకట్లో పోయినా నాయనా. నేనే వడ్డించి, పన్నెండో ఆకు కాడ కూసున్నా. పక్కన యెవురూ లేరు. ఆకులు మాత్రం ఉండాయి. సూస్తాండంగానే పదకొండు ఆకుల్లో అన్నం తగ్గతా వచ్చె."

నేను నవ్వబోయాను. ఆయన ముఖం చూసి మానుకున్నాను.

"పొద్దు వాలె. మోకాళ్ళు పీకతాండె. అన్నం సగం దాకా తగ్గి ఆడే నిలిచిపోయె. యెంతసేపని కూసోవాల? లేసినా. లేస్తాంటే యెడమ పక్క నుంచి యెవురో మెల్లగా అనిరి, 'యాల లేస్తావప్పా, మేమింకా తింటాండాం' అని. కసురుకున్నట్టు కాదు. బతిమాలినట్టు."

"తర్వాత?"

"తర్వాతేముండాది. ఇంటికి పోయి మజ్జిగ తాగితిని. నీళ్ళు తాగినట్టుండె. అంతే. ఐదేండ్లుగా యేమి తిన్నా తడిగుడ్డ నమిలినట్టే."

ఎదురుగా బండి మీద మిరపకాయ బజ్జీ కొనిచ్చాను. తిన్నాడు. కళ్ళల్లో నీళ్ళు కారుతున్నాయి. "ఇది కారంగా ఉండాదా, తీపిగా ఉండాదా నాయనా?" అని నన్నే అడిగాడు.

ఆ పదకొండు మంది ఎవరో కూడా చెప్పాడు. బాలప్ప తాత కాలంలో ఆ ఇంట్లో పెళ్ళి. మూడు ఊళ్ళ నుంచి పదకొండు మంది వంటవాళ్ళు వచ్చి మూడు రోజులు వండారు. చివరి రోజు చీకటి పడే వేళకు వాళ్ళకూ ఆకులు వేశారు. సగం తిన్నారో లేదో, పెళ్ళికొడుకు తరఫువాళ్ళు ఇంకో బండెడు వచ్చారు. స్థలం లేదని తింటున్న వంటవాళ్ళను ఆకుల ముందు నుంచి లేపేశారు. ఆ ఆకలితోనే బండెక్కి ఊళ్ళకు బయల్దేరితే, వంకలో నీళ్ళు ముంచుకొచ్చి బండి తిరగబడింది. ఒక్కరూ మిగల్లేదు.

అప్పటి నుంచి ఏటా వాళ్ళకు ఆకులు వేస్తున్నారు. వంటవాడొకడు తోడు కూర్చోకపోతే అన్నం ముట్టరట. కూర్చున్నవాడు మధ్యలో లేస్తే వాళ్ళను మళ్ళీ లేపినట్టేనట.

నేను దీన్ని నమ్మడం లేదు. అయినా బావను పంపొద్దు. తాంబూలం నేను తిరిగి ఇచ్చేస్తాను, కాళ్ళు పట్టుకుంటాను.

ధనుంజయ

*

కుప్పం,
10-3-1996

ధనా,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. మీ బావ ఏడో తేదీనే వెళ్ళిపోయాడు.

ఇంకా రాలేదు. నీ దగ్గర ఉన్నాడనే నిన్నటిదాకా ధైర్యంగా ఉన్నాను. బావా బావమరిదీ కలిసి సినిమాలు తిరుగుతున్నారని లోపల తిట్టుకున్నాను కూడా. నీ ఉత్తరం చదివినప్పటి నుంచి గుమ్మంలోనే కూర్చున్నాను. నీ దగ్గరే ఉంటే వెంటనే పంపించు. అసలు నీ దగ్గరికి వచ్చాడా, రాలేదా?

పోస్టులో వేస్తే ఆలస్యమని మదనపల్లె బస్సు కండక్టరు ఖాసిం అన్న చేతికిస్తున్నాను. జవాబు కూడా ఆయన చేతికే ఇవ్వు. ఆ మనుషులను ఆకుల ముందు నుంచి లేపిన పాపం ఎవరిది, దాని కూలి మేమెందుకు తీసుకోవాలి?

అక్క

*

మదనపల్లె,
11-3-1996

అక్కా,

ఖాసిం అన్న బస్సు బయల్దేరేలోగా రాస్తున్నాను. అక్షరాలు కోడిగీతల్లా ఉంటే క్షమించు.

నిన్న నీ ఉత్తరం చూసి పుంగనూరు పరుగెత్తాను. బావ అక్కడే ఉన్నాడు. బతికే ఉన్నాడు. ఆ ఇంటి వెనక వసారా గదిలో, పన్నెండో ఆకు ముందు కూర్చుని ఉన్నాడు. ఎనిమిదో తేదీ మధ్యాహ్నం కూర్చున్న మనిషి.

బాలప్ప నన్ను కిటికీ దాకా తీసుకెళ్ళాడు. లోపలికి రాలేదు. "మా ఇంటోళ్ళు గడప దాటకూడదప్పా. లేపిన చెయ్యి మాది," అన్నాడు. ఆయన ఏడుస్తున్నాడు. "ఇన్నేండ్లలో ఇట్ల యెవురూ కూసోలేదు. అందరూ పొద్దుగూకేలోగా లేసిపోతాండ్రి" అన్నాడు.

గడ్డం పెరిగింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. పదకొండు ఆకుల్లోనూ సగం సగం అన్నం ఉంది. రెండు రోజులైనా పాచివాసన లేదు, ఇప్పుడే పొయ్యి మీద నుంచి దించినట్టు సాంబారు వాసన వస్తోంది. బావ మధ్యమధ్యలో ఎడమవైపుకు తల వంచి ఏదో వింటున్నాడు. తలూపుతున్నాడు. ఒకసారి నవ్వాడు కూడా.

"బావా!" అని అరిచాను. తలతిప్పలేదు. ఎడమచేయి కొంచెం ఎత్తి, పంక్తిలో పెద్దవాళ్ళుండగా గొడవ చేసే పిల్లలను ఆపినట్టు ఆపాడు. తలుపు తోసి వెళ్ళి లాక్కొద్దామనుకున్నాను. గడప మీద కాలు పెట్టాను. లోపల పదకొండు మంది నమలడం ఆపి, ఒక్కసారిగా నావైపు చూసినట్టు అనిపించింది.

పారిపోయి వచ్చాను అక్కా. నాకు జ్వరం. నాలుగు వాక్యాల్లో నాలుగు జోకులు వేసేవాణ్ణి, ఒక్కటీ గుర్తుకు రావడం లేదు.

రెడ్డెప్పను అడిగాను. లాగితే మనిషి వస్తాడు, నాలుక రాదు అన్నాడు. వదిలేస్తే? ఆయన టోకెన్లు లెక్కపెట్టుకోసాగాడు. ఆకుల్లో పప్పు, తాళింపు, వడ, సాంబారు, చారు, పాయసం అన్నీ ఉన్నాయి. అన్నీ పెట్టినా వాళ్ళెందుకు లేవరో నాకు అర్థం కావడం లేదు. నువ్వే ఏదైనా చెప్పు.

ధన

*

కుప్పం,
14-3-1996

ధనా,

జ్వరం తగ్గిందా? మిరియాల చారు కాచుకుని తాగు.

పుంగనూరు వెళ్ళొచ్చాను. నీ ఉత్తరం చదివి, నువ్వు రాసిన వంటకాలు వేళ్ళ మీద లెక్కపెట్టాను. పెరుగు లేదు. పెరుగు వడ్డించకుండా పంక్తి ఎక్కడైనా లేస్తుందా? వడ్డించాల్సిన వంటమాస్టరును తెచ్చి పన్నెండో ఆకు ముందు కూర్చోబెడితే, ఇంక పెరుగు ఎవరు తెస్తారు? ఇన్నేళ్ళుగా ఆ మనుషులు మర్యాదగా పెరుగు కోసం కాచుకున్నారు. ఎకనామిక్సు చదివినవాడికి తట్టలేదు, పోనీలే.

ఆ సాయంత్రమే పాలు తోడేశాను. మరుసటి పొద్దున కుండ ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను. పలమనేరులో దిగి ఇంకో బస్సు. కుండ తొణక్కుండా పట్టుకోవడం మీదే నా ప్రాణం పెట్టాను. భయపడడానికి చేయి ఖాళీ లేదు.

బాలప్ప గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు. "ఆడోళ్ళు లోపలికి పోయింది లేదమ్మా."

"పోయుంటే యెప్పుడో లేసుందురు. జరుగప్పా," అన్నాను. జరిగాడు.

లోపల చల్లగా ఉంది. పెద్ద పెళ్ళి జరిగే ఇంట్లో అందరూ ఒక్కసారి మాటలాపితే ఎలా ఉంటుందో అలా ఉంది. మీ బావ నన్ను చూశాడు. పెదవులు ఎండి చీలిపోయాయి. మొదటి ఆకు వైపు కళ్ళతో చూపించాడు. నిజమే, మొగుడని ముందు ఆయనకు పెట్టకూడదు కదా.

మొదటి ఆకు నుంచి మొదలుపెట్టాను. ఆకులో ఉన్న అన్నం మీదే పెరుగు ఒక గరిటె. ఎవరికి పెడుతున్నానో కనబడదు. "ఇంకొంచెం ఏసుకోప్పా" అంటూ పెట్టాను. నోరు ఊరుకోలేదు, అలవాటు. మూడో ఆకు దగ్గర ఇంకో గరిటె పెట్టాలనిపించింది, పెట్టాను. ఏడో ఆకు మీద గరిటె వంచబోతే కిందికి దిగలేదు. చాలమ్మా అని ఎవరో అరచేయి అడ్డం పెడితే ఎలా ఆగుతుందో అలా ఆగింది. ఆ చేయి వెచ్చగా ఉంది ధనా. గరిటె కాడ దాకా తెలిసింది.

చివరికి మీ బావకు పెట్టి, గోడకానుకుని నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు. పెరుగన్నం తరిగిపోయింది. ముందు ఆ చివర ఆకు మడతపడింది, తృప్తిగా తిన్నవాళ్ళు మడిచినట్టు తినేవాళ్ళ వైపుకే. తర్వాత దాని పక్కది. వరసగా పదకొండూ. మీ బావ తన ఆకు మడిచి, నేల మీద చేయి ఆనించి లేచాడు. మోకాళ్ళు పలకలేదు, నా భుజం పట్టుకున్నాడు.

ఐదువేలూ బాలప్ప నా చేతికే ఇచ్చాడు. లెక్క చూసుకోలేదు.

బస్సులో మీ బావ మాట్లాడాడు. ఆ పదకొండు మందీ నాలుగు రోజులుగా ఏం మాట్లాడారో తెలుసా? కూలి. "ఇప్పుడు యెంత ఇస్తాండారప్పా?" అని. మదనపల్లె ఆయనకు ఆ కాలంలో రోజుకు ముప్పావలా, ఒక తుండుగుడ్డ. కుప్పం ఆయనకు అర్ధరూపాయి, అప్పుడూ తక్కువే. మూడొందలని మీ బావ చెబితే నమ్మలేదట, పడీపడీ నవ్వారట. తర్వాత ఒకాయన అడిగాడట, "కూలి సరే. అన్నం పెడతాండారా?" అని. "మిగిలితే పెడతారు" అన్నాడట మీ బావ. నీ ఫారంలో ఆ గడి లేదు, చూశాను.

ఇంక నేను భయపడిన సంగతి. ఇంటికి చేరగానే స్నానం చేయించి, సంగటి గెలికి పప్పు చేశాను. పప్పులో ఉప్పు వేయలేదు. కావాలనే. నాలుక ఉందో పోయిందో ఎలాగైనా తెలియాలి కదా. తట్టలో వడ్డించి ముందు పెట్టి, ముఖం కనబడకుండా పొయ్యి వైపు తిరిగి కూర్చున్నాను.

ఒక ముద్ద మింగిన చప్పుడు. రెండో ముద్ద. ఇంక మెస్సూ లేదు, ఏమీ లేదు, సైకిల్ స్టాండే అనుకున్నాను.

"ఉప్పేదే?" అన్నాడు.

పొయ్యి ముందే ఏడ్చేశాను. ఉప్పు డబ్బా తీసుకుని ఇటు తిరిగాను. మీ బావ నావైపు చూడడం లేదు. ఎడమవైపు, గోడ పక్కన ఖాళీ చాప వైపు తల వంచి, చాలా మర్యాదగా అడుగుతున్నాడు.

"నీగ్గూడా సప్పగానే ఉండాదా అప్పా?"

ఇంకో తట్ట కడిగి పెట్టాను ధనా.

మీ అక్క
మునిలక్ష్మి